చిలీలో ఎవరినో పడగొడితే మనకేటి మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు · ఆదివారం, ఉదయం 7:10

సభ్యులందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం మా వీధి లైబ్రరీలో పిల్లల్ని కూర్చోబెట్టి, పెద్ద దేశాలు చిన్న దేశాల్లో ఎలా వేలు పెట్టాయో చెప్పాను. 1953లో ఇరాన్, 1954లో గ్వాటెమాలా, 1973లో చిలీ. అమెరికా ఒక్కదాన్నే తిడితే బాగుండదని 1956 హంగరీ, 1979 అఫ్ఘానిస్తాన్ కూడా చెప్పాను. సుద్దముక్క సగం అరిగింది. చివర్న పదో తరగతి కుర్రాడొకడు లేచి, "చిలీలో ఎవరినో పడగొడితే మనకేటి మాస్టారూ? మన ఊరికి రైలు టైముకి రావడమే గొప్ప" అన్నాడు.

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వేశాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పయ్యేళ్లు చరిత్ర చెప్పినవాణ్ని, వాడికి సమాధానం చెప్పలేకపోయాను.

అందుకే అడుగుతున్నాను. పుస్తకాల్లో మాటలు వద్దు, అవి నా దగ్గరే బోలెడున్నాయి. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్, మల్కనగిరి... ఒడిశాలో మన ఈ అయిదు జిల్లాల్లో కంటికి కనపడేది, చేత్తో ముట్టుకోగలిగేది, ఆ పెద్దవాళ్ల కొట్లాటలో మన వాకిట్లో వచ్చి పడ్డది ఏదైనా ఉంటే చెప్పండి. వచ్చే శనివారం వాడి ముందు పెట్టాలి.

జైపూర్ 77 · 7:25

అంతా సీఐఏ మాయ మాస్టారూ. తుఫాన్లు కూడా వాళ్లే తెప్పిస్తారు.

మోడరేటర్ · 7:31

తుఫాన్ల మీద వేరే చర్చ నడుస్తోంది. అక్కడికి వెళ్లండి.

సునాబేడ ఫిట్టర్ · 8:05

మాస్టారూ, ఆ కుర్రోణ్ని మా సునాబేడ తీసుకురండి. లోపలికి రానివ్వరు గానీ గేటు బయట నుంచి చూపిస్తాను.

నేను 1978లో అప్రెంటిస్‌గా చేరేను. ప్రభుత్వ విమానాల సంస్థ హెచ్‌ఏఎల్ వోళ్ల ఇంజన్ల ఫ్యాక్టరీ. ఇంత అడివిలో ఇది ఎలగ పుట్టిందో మా ఫోర్‌మన్ చెప్పీవోరు. అమెరికావోడు పాకిస్తాన్‌కి ఎఫ్-104 విమానాలు ఇచ్చేడు. మనం అడిగితే ఇవ్వలేదు. రష్యావోడు మాత్రం మిగ్-21 ఇస్తాను, ఊరికే అమ్మడం కాదు, మీ దేశంలోనే తయారుచేసుకోండి అన్నాడు. 1962లో ఒప్పందం అయింది. విమానం ఒళ్లు నాసిక్‌లో, లోపలి ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో, ఇంజన్ మన కొండల మధ్య. మేం దాన్ని "గుండె మనదే" అనుకునీవోళ్లం.

రష్యా నిపుణులు పెళ్లాం పిల్లల్తో వచ్చి ఉండీవోరు. సంతలో వాళ్ల ఆడోళ్లు టమాటాలు చూపించి ఏదో అడిగితే, మన పరజా ఆదివాసీ ముసలమ్మలు వేళ్లు చూపించీవోరు. ఆ బేరం ఎప్పుడూ చెడలేదు. డ్రాయింగులన్నీ రష్యన్‌లో ఉండీవి. ఇప్పటికీ నేను రష్యన్ అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. మా మనవరాలికి ఇదొక తమాషా.

పోయిన 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పేరు. టీవీలో చూస్తూ మా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు నేను.

మరి సాయమా, పెత్తనమా అంటే... దాని సంగతి తర్వాత రాస్తాను. సంతకి టైమైపోతోంది.

రాయగడ కిరాణా · 8:40

ఫిట్టర్‌గారిది ఇంజన్. నాది ఉప్మా.

మా బడిలో మధ్యాహ్నం పచ్చటి నూనె వేసి గోధుమరవ్వ ఉప్మా చేసేవారు. పాలపొడి కలిపిన పాలు ఇచ్చేవారు. డబ్బాల మీద రెండు చేతులు కలిపిన బొమ్మ ఉండేది. అమెరికా వాళ్లు పంపారని చెప్పేవారు. ఇచ్చేవాణ్ని చూస్తే చచ్చేవాడూ లేస్తాడని, మేం గంట కొట్టకముందే లైన్లో ఉండేవాళ్లం. ఇంట్లో మాత్రం అమెరికా ఎర్రజొన్న అంటే మా అమ్మ మొహం చిట్లించేది. "గొడ్లకి పెట్టేది మనకి పంపేరు" అనేది.

ఇంకొకటి. వయ్యారిభామ. మా కొట్టు వెనక ఖాళీ స్థలంలో ఇప్పటికీ నడుమెత్తు పెరుగుతుంది. పీకితే చేతులు దురద. అది పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద వచ్చిన గోధుమల్లో కలిసి వచ్చిందని, అందుకే కాంగ్రెస్ గడ్డి అన్నారని మా నాన్న చెప్పేవాడు. మాస్టారూ, చేత్తో ముట్టుకోగలిగేది కావాలన్నారుగా. ముట్టుకోండి, తెలుస్తుంది.

గుణుపురం రాధ · 9:15

కిరాణా బాబాయ్, ఉప్మా నిజమే గానీ వయ్యారిభామ దగ్గర కొంచెం ఆగాలి. ఆ మొక్కని మన దేశంలో 1955-56 ప్రాంతంలోనే పుణెలో గుర్తించారు. పీఎల్-480 కింద అమెరికాతో మన మొదటి ఒప్పందం 1956 ఆగస్టులో. అంటే ఒప్పందం గోధుమ రాకముందే కలుపు వచ్చేసింది. 1951లో కరువు వచ్చినప్పుడు అమెరికా అప్పుగా గోధుమలిచ్చింది, దాంట్లో వచ్చి ఉండొచ్చు. పీఎల్-480 తలమీద మాత్రం రుద్దలేం.

ఆ గోధుమల్లో అసలు ముల్లు వేరే ఉంది. 1965, 66 రెండేళ్లూ వానలు లేవు. ఇదే సమయంలో వియత్నాం మీద బాంబులెయ్యడం ఆపమని మన ప్రభుత్వం అంటోంది. ప్రెసిడెంట్ జాన్సన్ ఏం చేశాడంటే, ఏడాదికి సరిపడా ఒప్పందం ఆపేసి, ఓడలు ఎప్పటికప్పుడు తనే చూసి వదలడం మొదలెట్టాడు. ఈ నెల గింజలు ఈ నెలే. వచ్చే నెల సంగతి వచ్చే నెల చూద్దాం. వ్యవసాయ విధానం మార్చండి, అదీ ఇదీ అని షరతులు. 1966లో దాదాపు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకున్నాం. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు, డాలర్ 4.76 నుంచి 7.50 రూపాయలైంది. దాని వెనక ప్రపంచ బ్యాంకు, అమెరికా ఒత్తిడి ఉంది.

మీ కొట్లో నెలవారీ ఖాతా ఉన్న మనిషికి "ఇక నుంచి ఏ పూట బియ్యం ఆ పూట అడిగి పట్టుకెళ్లు" అన్నారనుకోండి. వాడు మీ ఎదురుగా నోరెత్తుతాడా?

రాయగడ కిరాణా · 9:22

ఎత్తడు. నేనే చేశాను అలా ఒకాయనకి. ఎన్నికల్లో మా వార్డులో ఆయన మాకే ఓటేశాడు. సిగ్గుపడాల్సిందే.

బరంపురం బావ · 9:50

అమ్మా రాధా, మన ఒడిశా మనిషి ఒకడు పెద్దదేశం ముక్కు కోసి వచ్చిన కథ ఎవరూ చెప్పరేం? బిజూ పట్నాయక్! మా గంజాం బెళగుంఠ వాళ్ల రక్తం. 1947 జులైలో ఇండోనేషియా మీద డచ్చివాళ్లు పడ్డప్పుడు, నెహ్రూ అడిగితే, డకోటా విమానం తనే నడుపుకుంటూ వెళ్లి అక్కడి నాయకుడు షహ్రీర్‌ని ఎక్కించుకుని ఢిల్లీకి తెచ్చాడు. భార్య జ్ఞానవతి కూడా పక్కన కూర్చుంది. డచ్చివాళ్లు కూల్చేస్తామన్నా లెక్క చెయ్యలేదు. ఇండోనేషియా వాళ్లు భూమిపుత్ర అని గౌరవించారు. అదీ మన తడాఖా.

గుణుపురం రాధ · 10:20

బావగారూ, కథ సగంలో ఆపేశారు. ఆ ఇండోనేషియాకి తర్వాత ఏమైంది?

1955లో అక్కడి బాండుంగ్ నగరంలో 29 ఆసియా, ఆఫ్రికా దేశాల సమావేశానికి ఆతిథ్యం ఇచ్చాడు అధ్యక్షుడు సుకర్ణో. పదేళ్లకి, 1965 అక్టోబర్ నుంచి, సైన్యం, దాని వెనకున్న గుంపులు కమ్యూనిస్టులనే పేరు పెట్టి జనాన్ని చంపడం మొదలెట్టాయి. తక్కువలో తక్కువ 5 లక్షల మంది. అమెరికా ఎంబసీ వాళ్లు కమ్యూనిస్టు పార్టీ మనుషుల పేర్లు రాసి సైన్యానికి అందించారు. ఆ రోజుల ఎంబసీ కాగితాలు 2017లో బయటపెడితే, చంపుతున్నారని తెలిసీ సంతోషించిన సంగతి అందులో కనపడింది. తర్వాత ఆ సైన్యాన్ని నడిపిన సుహార్తో 1998 దాకా కుర్చీలో ఉన్నాడు.

బిజూబాబు కాపాడి తెచ్చిన షహ్రీర్‌ని సుకర్ణోయే జైల్లో పెట్టాడు. 1966లో కన్నుమూశాడు. అది కూడా చెప్పాలి కదా.

ఇంకోటి. బిజూబాబు ఒక చేత్తో డచ్చివాళ్లని ఎదిరిస్తే, ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఇంకో చేత్తో కటక్ దగ్గర చార్బాటియాకి అమెరికా వాళ్లని రానిచ్చారు. 1962లో చైనాతో దెబ్బతిన్నాక మనకి ఆకాశం నుంచి చూసే కళ్లు లేవు. చార్బాటియాలో పాత యుద్ధకాలపు విమానాశ్రయం ఉంది. 1964 మే 24న అమెరికా యూ-2 గూఢచారి విమానం అక్కడి నుంచి లేచి చైనా సరిహద్దు ఫొటోలు తీసింది. దిగేటప్పుడు రన్‌వే దాటి పోయి దెబ్బతింది. మూడు రోజులకి నెహ్రూ పోయారు. డిసెంబర్‌లో మళ్లీ వచ్చి మూడు సార్లు ఎగిరారు. ఈ విమానాలు ఎగిరిన సంగతి 2013లో సీఐఏ బయటపెట్టిన సొంత చరిత్రలోనే ఉంది.

బరంపురం బావ · 10:24

అమెరికా, రష్యా... ఏ గుంపులోనూ లేం అన్నది మనమే కదమ్మా అప్పుడు?

గుణుపురం రాధ · 10:26

మనమే.

జైపూర్ 77 · 10:31

చూశారా! నేను చెప్పలా! అంతా సీఐఏ!

గుణుపురం రాధ · 10:40

జైపూర్ అన్నయ్యా, మనమే పిలిచి కుర్చీ వేశాం. ఆ మాట కూడా అనండి.

మల్కనగిరి డ్రైవర్ · మధ్యాహ్నం 1:15

లోడు దించుతున్నారు, ఖాళీ ఉంది, రాస్తున్నా.

మా పక్క ఊళ్లకి పేర్లు లేవు. నంబర్లే. ఎంవీ-7, ఎంవీ-79 ఇలా. కొత్త క్లీనర్ కుర్రాడు జైలు సెల్లు నంబర్లా అంటాడు. అన్నీ బెంగాలీ ఊళ్లు. చేపల కూర బాగుంటుంది. 1971లో అమెరికా పాకిస్తాన్‌కి సాయం చేస్తే పారిపోయి వచ్చినవాళ్లని విన్నా. మాస్టారు వీళ్లని చూపించొచ్చు.

పర్లాకిమిడి మాస్టారు · 2:30

డ్రైవర్ బాబూ, ఊళ్లు నిజం, కారణం వేరు. ఎంవీ అంటే మల్కనగిరి విలేజ్. శరణార్థులకి చోటిచ్చే దండకారణ్య ప్రాజెక్టు 1958లోనే మొదలైంది. మీ పక్క ఊళ్లవాళ్లలో ఎక్కువమంది దేశ విభజన తర్వాత, 1964 గొడవల తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్లు. 1971లో వచ్చిన కోటిమందిలో చాలామంది బంగ్లాదేశ్ ఏర్పడ్డాక వెనక్కి వెళ్లిపోయారు. ఆ ఊళ్లకి నంబర్లు వేసింది మన ఇంజనీర్లే. దీన్ని అమెరికా ఖాతాలో రాస్తే ఆ కుర్రాడు నన్ను నిలబెట్టి కడిగేస్తాడు.

రాధమ్మా, గ్వాటెమాలా గురించి పిల్లలకి అర్థమయ్యేలా చెప్పడం నాకు రాలేదు. "అరటితోటల కంపెనీ" అన్నాను. అరటిపళ్ల కోసం ప్రభుత్వాన్ని పడగొడతారా అని నవ్వారు.

గుణుపురం రాధ · 3:05

మాస్టారూ, భూమి రిజిస్ట్రేషన్ చేయించినవాడెవడికైనా గ్వాటెమాలా అర్థమవుతుంది. మన దగ్గర పది లక్షలకి స్థలం కొని, స్టాంపు డ్యూటీ తగ్గుతుందని కాగితం మీద మూడు లక్షలు రాయిస్తారు. రేపు అదే స్థలం రోడ్డు కింద పోతే ప్రభుత్వం కాగితాల్లో రాయించిన విలువలు చూసే లెక్క కడుతుంది. అప్పుడు లబోదిబోమంటారు.

గ్వాటెమాలాలో సరిగ్గా ఇదే. యునైటెడ్ ఫ్రూట్ అనే అమెరికా కంపెనీకి అక్కడ అందరికన్నా ఎక్కువ భూమి ఉంది. చాలావరకు బీడు. పన్ను తక్కువ పడాలని ఏళ్లతరబడి దాని విలువ తక్కువ చూపించింది. 1952లో అక్కడి అధ్యక్షుడు అర్బెంజ్ ప్రభుత్వం సాగుచెయ్యని పెద్ద కమతాలు తీసుకుని పేద రైతులకి పంచే చట్టం తెచ్చింది. పరిహారం కూడా ఇస్తాం అంది. ఎంత? "మీరు పన్ను కోసం చూపించిన విలువే." అది సుమారు 6 లక్షల 27 వేల డాలర్లు. అమెరికా విదేశాంగ శాఖ కంపెనీ తరఫున అడిగింది కోటీ 58 లక్షల డాలర్లు.

అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్. సీఐఏ అధిపతి ఆయన తమ్ముడు అలెన్ డల్లెస్. ఇద్దరూ అంతకుముందు పనిచేసిన లాయర్ల సంస్థకి ఈ కంపెనీ క్లయింటు. 1954 జూన్‌లో సీఐఏ డబ్బిచ్చి తయారుచేసిన చిన్న దండు సరిహద్దు దాటింది. రేడియోలో అబద్ధపు వార్తలు, ఆకాశంలో రెండు మూడు విమానాలు. సైన్యం వెనకడుగు వేసింది. జూన్ 27న అర్బెంజ్ దిగిపోయాడు. పంచిన భూమి లాగేసుకున్నారు. 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం, సుమారు 2 లక్షల మంది చచ్చిపోయారు, అందులో ఎక్కువమంది మాయా ఆదివాసులు.

రాయగడ కిరాణా · 3:12

కర్ర గలవాడిదే బర్రె. ఎమ్మార్వో ఆఫీసు దాకా వెళ్లకుండా విమానాలేసుకొచ్చారన్నమాట. మన దగ్గర తహసిల్దారు అంటాం, అదే అనుకోండి.

మోహనా పొత్తులు · సాయంత్రం 5:40

చాలా రోజులకి రాస్తున్నాను. మాది మోహనా. మొక్కజొన్న కొంటాను, అమ్ముతాను. మాస్టారూ, మీ పక్కనే ఉన్నది మర్చిపోయారు. చంద్రగిరి.

చలికాలం వస్తే మీ పర్లాకిమిడిలో, విశాఖలో రోడ్డు పక్కన టిబెట్ వాళ్లు స్వెట్టర్లు అమ్ముతారు కదా. మా పక్క చంద్రగిరిలో, చైనా పట్టు నుంచి పారిపోయి వచ్చిన వాళ్ల శిబిరం 1963 నుంచి ఉంది. కొండల మధ్య చల్లగా ఉంటుందని అక్కడ చోటిచ్చారు. మా నాన్న వాళ్ల దగ్గర మొక్కజొన్న కొనేవాడు, ఇప్పుడు నేను కొంటున్నాను. జీరంగ్‌లో పెద్ద మఠం కట్టారు, 2010లో దలైలామా వచ్చి తెరిచారు. మీ పిల్లలు పిక్నిక్‌కి వచ్చి సెల్ఫీలు దిగి వెళ్లే చోటు అదే.

నాకు ఒక పెద్దాయన బాగా తెలుసు. పేరు రాయను. ఒడియా మాట్లాడతాడు, తెలుగు అర్థమవుతుంది. బేరం దగ్గర రూపాయి వదలడు. ఆయన అన్న ముస్తాంగ్ వెళ్లాడు. ముస్తాంగ్ అంటే నేపాల్ కొసన, టిబెట్‌ని ఆనుకుని ఉండే చోటు. 1960 నుంచి టిబెట్ గెరిల్లాలు అక్కడ ఉండి చైనా సైన్యం మీద దాడులు చేసేవారు. డబ్బు, తుపాకులు అమెరికావి. కొంతమందిని కొలరాడోలో క్యాంప్ హేల్ అనే మంచుకొండల శిబిరానికి తీసుకెళ్లి శిక్షణ ఇచ్చారు. ఒకసారి ఆ దండు చైనా కాన్వాయ్ మీద పడి నీలం రంగు సంచి నిండా రహస్య కాగితాలు పట్టుకొస్తే అమెరికా వాళ్లు ఎగిరి గంతేశారట. ఆ కాగితాల్లో చైనాలో కరువు, సైన్యంలో అసంతృప్తి అంతా బయటపడింది.

తర్వాత అమెరికాకి చైనాతో స్నేహం కావాల్సి వచ్చింది. ఖర్చు తగ్గిస్తూ తగ్గిస్తూ, చివరికి ఆపేశారు. 1974లో నేపాల్ సైన్యం వచ్చి తుపాకులు దించమంది. వాళ్లు ఒప్పుకోలేదు. దలైలామా గొంతు టేపు మీద రికార్డు చేసి తీసుకెళ్లి వినిపించారు, దించేయండి అని. అది విన్నాక ఎక్కువమంది దించారు. కొందరు అప్పగించలేక తమ ప్రాణం తీసుకున్నారు. పెద్దాయన అన్న తిరిగి రాలేదు. ఎలా పోయాడో నేను ఎప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఈ సామెత ఆయనకి ఒడియాలో విడమరిచి చెప్తే చాలాసేపు నవ్వాడు.

సునాబేడ ఫిట్టర్ · 6:10

చదివేను. ఇంకేటి రాయగలను.

గుణుపురం రాధ · 7:00

మోహనా అన్నయ్యగారూ, మీరు చెప్పినదానికి ఇంకో కొస ఉంది. అది మాస్టారు వెతుకుతున్న ముడి అనుకుంటున్నాను.

అమెరికాకి చైనా స్నేహం కావాలి, మధ్యవర్తి ఎవరు? పాకిస్తాన్ పాలకుడు యాహ్యా ఖాన్. 1971 జులైలో అమెరికా అధ్యక్షుడి భద్రతా సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ వచ్చి, కడుపునొప్పి అని వంక పెట్టి, గుట్టుగా బీజింగ్ ఎగిరాడు. అదే యాహ్యా సైన్యం అదే నెలల్లో ఢాకాలో, పల్లెల్లో జనాన్ని చంపుతోంది. ఢాకాలో ఉన్న అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ ఏప్రిల్ 6న, మన దేశం నోరు మూసుకోవడం తప్పు అని వాషింగ్టన్‌కి టెలిగ్రాం పంపాడు. పంపినందుకు ఆయన్నే అక్కణ్నుంచి తప్పించారు. మధ్యవర్తిని నొప్పించకూడదు కదా.

అంటే చంద్రగిరి పెద్దాయన అన్నకి తుపాకీ ఆపేసిన స్నేహం, ఢాకా మీద కళ్లు మూసుకున్న స్నేహం ఒకటే. బీజింగ్‌లో తలుపు తెరుచుకోవడానికి రెండు చోట్ల రెండు తలుపులు మూశారు. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరుగుతాయంటారు. ఇక్కడ ఆంబోతులు రాజీపడ్డా విరిగినవి లేగల కాళ్లే.

పర్లాకిమిడి మాస్టారు · 7:45

రాధమ్మా, ఇది నాకు తట్టనే లేదు. 1971 డిసెంబర్‌లో, పాకిస్తాన్‌తో యుద్ధం అప్పుడు, నాకు పదకొండేళ్లు. విశాఖలో మా మేనమామ ఇంట్లో ఉన్నాను. కిటికీలకి నల్లకాగితాలు అంటించారు. బల్బు చుట్టూ కూడా. రాత్రి బీడీ కాల్చినా వీధిలో కుర్రాళ్లు అరిచేవారు. డిసెంబర్ 3 అర్ధరాత్రి సముద్రం వైపు పెద్ద చప్పుడైంది, గిన్నెలు కదిలాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందని తర్వాత తెలిసింది. రెండు వారాల్లోపే, అమెరికా ఏడో నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చిందని రేడియోలో విన్నాం. ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌక. మా అత్తయ్య దేవుడి దగ్గర దీపం కూడా ఆర్పేసింది. ఆ ఓడలు దీపం చూసి వస్తాయని.

అప్పుడు రాష్ట్రపతి బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరిగారే. బావగారికి ఇది కూడా గంజాం గొప్పే.

అదే ఏడాది ఆగస్టు 9న సోవియట్‌తో చేసుకున్న స్నేహ ఒప్పందం పుణ్యాన భద్రతామండలిలో వాళ్లు మన పక్షాన మూడుసార్లు వీటో చేసింది. నేను బడికి పుస్తకాలకి "సోవియట్ భూమి" పత్రిక కాగితంతో అట్టలు వేసుకునేవాణ్ని. నున్నగా, బొమ్మలతో. అందుకే కాబోలు, పెద్దయ్యాక కూడా రష్యా తప్పులు నాకు కాస్త ఆలస్యంగా కనపడేవి. నిన్న కూడా హంగరీ, అఫ్ఘానిస్తాన్ చివర్న చెప్పాను, గమనించారా.

సునాబేడ ఫిట్టర్ · రాత్రి 8:30

పొద్దున్న బాకీపెట్టింది రాస్తాను.

1962 అక్టోబర్‌లో చైనా మన మీద పడ్డప్పుడు, మిగ్ ఒప్పందం చేసుకున్న రష్యావోడే మొదట్లో చైనా పక్షం మాట్లాడేడు. ఎందుకంటే అదే వారం క్యూబాలో క్షిపణుల మీద అమెరికాతో గొడవలో వాడికి చైనా కావాలి. క్యూబా గండం గడిచేక మళ్లీ మన దగ్గరకి వచ్చేడు. దోస్తీ అంటే అలగుంటాది.

1979 డిసెంబర్‌లో వాళ్ల సైన్యం అఫ్ఘానిస్తాన్‌లో దిగితే ఐక్యరాజ్యసమితిలో మనం వ్యతిరేకంగా ఓటెయ్యలేదు. మా క్యాంటీన్‌లో ఆ వారం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఏటి మాట్లాడతాం? బల్ల మీద ఉన్న ఇంజన్ వాళ్లదే.

1991లో సోవియట్ ముక్కలైపోయేక తెలిసింది అసలు సంగతి. ఒక పార్టు చేసే ఫ్యాక్టరీ రష్యాలో, ఇంకోటి ఉక్రెయిన్‌లో, ఇంకోటి జార్జియాలో. ముందు రూపాయల్లో నడిచిన వ్యాపారం, ఇప్పుడు డాలర్లు కావాలంటారు. ఒక్క సీలింగ్ రింగు కోసం పూర్తయిన ఇంజన్ స్టాండు మీద అలగే ఉండిపోయీది. మా కుర్రోళ్లు కొన్ని పార్టులు ఇక్కడే తయారుచెయ్యడం అప్పుడే గట్టిగా నేర్చుకున్నారు. అది మంచికే అయింది గానీ, ఆ నాలుగేళ్లు మాకు తెలుసు.

రాకెట్లవాళ్లకీ ఇదే. రష్యా క్రయోజెనిక్ ఇంజన్, అంటే బాగా చల్లబరిచిన ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజన్, దాని పరిజ్ఞానం ఇస్తానంది. 1992లో అమెరికా ఇస్రో మీదా, రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్ మీదా ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా వెనక్కి తగ్గి, ఇంజన్లు అమ్ముతాను, చేసే విద్య ఇవ్వను అంది. మనం సొంతంగా చేసిన ఇంజన్‌తో రాకెట్ పైకి వెళ్లింది 2014 జనవరి 5న. ఇరవయ్యేళ్లు.

గోధుమ అయినా, సీలింగ్ రింగయినా, వేరే చోట దొరకనిది ఎవడి చేతిలో ఉంటే పగ్గం వాడి చేతిలోనే. సైన్యాన్ని పంపడం వాడికి ఖర్చు కూడాను.

జైపూర్ 77 · 8:50

ఇలాంటివాళ్లందరి మధ్య మన దేశం ఒక్కటే ఎవరి జోలికీ పోలేదు. గర్వపడాలి.

గుణుపురం రాధ · 9:05

అన్నయ్యా, ఇదే మాట నేపాల్ వాళ్ల దగ్గర అనకండి. 1989లో వాణిజ్య ఒప్పందం గడువు అయిపోయిందని సరిహద్దు దారులు దాదాపు అన్నీ మూసేశాం. కిరోసిన్ కోసం ఖాట్మండులో లైన్లు. 2015లో మళ్లీ, మేం మూయలేదు అన్నాం గానీ ట్రక్కులు మాత్రం కదల్లేదు. చుట్టూ భూమే ఉన్న దేశానికి ఫిట్టర్‌గారు చెప్పిన పగ్గం మన చేతిలో ఉంది. శ్రీలంక సంగతి...

జైపూర్ 77 · 9:08

దేశద్రోహం మాటలు. ఈమె ఏ కాలేజీలో చదువుతోందో—

(ఈ పోస్టులో మిగతా భాగాన్ని మోడరేటర్ తీసేశారు. విషయం మీద కోప్పడండి, మనిషి మీద కాదు.)

మల్కనగిరి డ్రైవర్ · 9:40

శ్రీలంక నేను చెప్తా. మా చిన్నాన్న 1988లో జాఫ్నాలో ఉన్నాడు. శాంతిసేన. 1987 జులై ఒప్పందం తర్వాత తమిళుల్ని కాపాడ్డానికే వెళ్లామన్నారు. మొదటి నెల దండలేశారు. మూడో నెలకి వాళ్లమీదే కాల్పులు. ఎవరిని కాపాడుతున్నామో ఎవరిని కాలుస్తున్నామో తెలిసేది కాదురా అనేవాడు. 1990 మార్చిలో వచ్చేశారు. మనవాళ్లు దాదాపు 1,200 మంది పోయారు. చిన్నాన్న ఓడ దిగినప్పుడు ఎవరూ దండ వెయ్యలేదంట.

రాధ చెల్లెమ్మని ఏమీ అనకండి. నిజమే చెప్పింది.

జైపూర్ 77 · 9:58

డ్రైవర్ భాయి చిన్నాన్నకి నమస్కారం. పై పోస్టు నేనే తీసేద్దామనుకున్నాను, మోడరేటర్ ముందే తీశాడు.

బరంపురం బావ · 10:05

ఇంతకీ చిలీ ఎవరూ చెప్పలేదు. శీర్షికలో ఉంది పాపం.

పర్లాకిమిడి మాస్టారు · 10:30

చిలీలో రాగి గనులు, బావగారూ. 1971లో అధ్యక్షుడు అలెండే ప్రభుత్వం అమెరికా కంపెనీల గనులు జాతీయం చేసింది. అమెరికా అప్పులు ఆపించింది, విడిభాగాలు రానివ్వలేదు. లారీలు, బస్సులు మూలపడ్డాయి. 1973 సెప్టెంబర్ 11న సైన్యం అధ్యక్ష భవనం మీద బాంబులేసింది. ఫిట్టర్‌గారి సీలింగ్ రింగు అక్కడా ఉంది. మన కొరాపుట్ కొండల నిండా బాక్సైట్ ఉందని పిల్లలకి తెలుసు, రాగి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆ కుర్రాడు సాయంత్రం ఇంటికొచ్చాడు. నిన్న నవ్వించినందుకు వాళ్లమ్మ పంపింది, క్షమాపణ చెప్పమని. నేను ఏమీ పాఠం చెప్పలేదు. మోహనావారు రాసింది చదివి వినిపించాను. విని కాసేపు ఊరుకుని, "మా నాన్న స్వెట్టరు వాళ్ల దగ్గరే కొన్నాడు" అన్నాడు. తర్వాత అడిగాడు, ఆ పెద్దాయన మనతో మాట్లాడతాడా అని.

మోహనావారూ, వచ్చే శనివారం ఎనిమిదిమంది పిల్లలతో చంద్రగిరి వస్తే వీలవుతుందా? మఠం దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోయే రకం కాదు.

మోహనా పొత్తులు · 10:55

రండి. పెద్దాయన్ని అడిగి చెప్తాను. తుపాకుల సంగతి మీరుగా ఎత్తకండి, ఆయనే ఎత్తితే వినండి. మొక్కజొన్న ధర గురించి అడిగితే మాత్రం గంటసేపు మాట్లాడతాడు, అక్కణ్నుంచి మొదలెట్టండి.

ఈ శనివారమే రండి, వాయిదా వెయ్యకండి. ఇంకో రెండు వారాలైతే వయసులో ఉన్నవాళ్లంతా స్వెట్టర్ల మూటలు కట్టుకుని బయల్దేరిపోతారు. అప్పుడు తెలుగు, ఒడియా కలిపి చెప్పిపెట్టేవాళ్లు దొరకరు. పిల్లల్ని చలికోట్లు తెచ్చుకోమనండి, పొద్దున్నే కొండమీద మంచు ఉంటుంది.